గడ్డి కింద పొరలు: హోర్నాడా ఎడారి మేతబీడు నేల కథ

(అనంతపురంలో వ్యవసాయ విద్యార్థులు, గొర్రెల పెంపకందారులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో కాలేజీ పిల్లలున్నారు, వెనక మందలు మేపే పెద్దలున్నారు. ఇవాళ చెప్పేది ఇద్దరికీ పనికొచ్చే సంగతే.

మేత భూమి ఎలా ఉందని ఎవరైనా అడిగితే మనం గడ్డి వంక చూసి జవాబు చెబుతాం. గడ్డి లేకపోతే వాన పడలేదంటాం, లేదా మంద ఎక్కువైందంటాం. రెండూ నిజమే. అయితే ఒకే వాన పడిన బీడులో, ఒకే మంద తిరిగిన బీడులో, ఒకచోట గడ్డి మళ్లీ లేస్తుంది, వంద అడుగుల అవతల లేవదు. పెద్దలకు ఇది నేను చెప్పక్కర్లేదు, రోజూ చూస్తూనే ఉంటారు. ఆ తేడా చాలాసార్లు మోకాలి లోతు మట్టిలో ఉంటుంది. తవ్వితే తప్ప కనపడదు. ఈ సంగతిని అందరికన్నా ఓపిగ్గా తవ్వి చూసిన చోటు ఒకటుంది. దాని గురించే చెబుతాను.

అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రం. దాని దక్షిణ కొసన లాస్ క్రూసెస్ అనే ఊరు. ఆ ఊరికి ఉత్తరాన హోర్నాడా ప్రయోగ మేతభూమి ఉంది. 1912లో అక్కడి వ్యవసాయ శాఖ కింద మొదలైంది. దాదాపు 78 వేల హెక్టార్లు. చివావా ఎడారికి అది ఉత్తరపు అంచు. ఏడాదికి సగటున 245 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన అనంతపురంలో పడేదాంట్లో సగం కూడా కాదు. అందులో సగానికి పైగా జులై నుంచి సెప్టెంబరు లోపల ఉరుములతో వచ్చే జడివానే. ఒక మూల కుండపోతగా కురిస్తే, రెండు మైళ్ల అవతల దుమ్ము లేస్తూ ఉంటుంది.

అక్కడి గడ్డిలో ముఖ్యమైనది బ్లాక్ గ్రామా. పశువులకు ఇష్టమైన మేత, ఎండిపోయాక కూడా బలం పోని మేత. 1858లో ప్రభుత్వ సర్వేయర్లు ఈ భూమిని కొలుస్తూ, దారిలో గడ్డి ఎలా ఉంది, పొదలు ఎక్కడున్నాయి అని నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. వంద సంవత్సరాల తర్వాత బఫింగ్టన్, హెర్బెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ పుస్తకాలు తీసి, అప్పటి భూమిని 1963 నాటి భూమితో పోల్చి చూశారు. 1858లో వాళ్లు చూసిన విస్తీర్ణంలో 58 శాతం భూమి మీద పొద అన్నదే లేదు. 1963 నాటికి పొదలు లేని భూమి ఒక్క శాతం కూడా మిగల్లేదు. మెస్కిట్, క్రియోసోట్, టార్‌బుష్ అనే మూడు పొదలు ఆ మేతబీడును ఆక్రమించేశాయి.

ఈ మెస్కిట్ ఎవరో కాదు, మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. రెండూ ఒకే ప్రజాతి, రెండింటి పుట్టిల్లూ అమెరికా ఖండాలే. సర్కారు తుమ్మ మన దేశానికి 1870లలో వచ్చింది. మొదట నాటిన చోట్లలో మన కడప జిల్లా కమలాపురం ఒకటి. కాబట్టి హోర్నాడాలో జరిగింది వినేటప్పుడు అది ఎక్కడిదో పరాయి కథ అనుకోకండి.

సరే, ఇప్పుడు మట్టిలోకి వెళ్దాం.

1957 నుంచి 1972 దాకా అక్కడి సాయిల్ కన్సర్వేషన్ సర్వీస్, అంటే నేల సంరక్షణ చూసే ప్రభుత్వ శాఖ వాళ్లు లాస్ క్రూసెస్ చుట్టుపక్కల ‘డెజర్ట్ ప్రాజెక్ట్’ అనే పని చేశారు. లీలాండ్ గైల్, రాబర్ట్ గ్రాస్‌మన్, జాన్ హాలీ అందులో ముఖ్యులు. గుంతలు, కందకాలు తవ్వించి, ఏ పొర ఎంత లోతులో ఉంది, ఆ పొర వయసెంత, దాని మీద ఏ మొక్క ఉంది అని పదిహేనేళ్లు పట్టుదలగా చూశారు. ఎడారి నేలల గురించి ప్రపంచంలో ఇవాళ ఎవరు పాఠం చెప్పినా అందులో సగం ఆ గుంతల్లోంచి వచ్చిందే. నా మాట కాస్త ఎక్కువగా అనిపించవచ్చు, కానీ నేను నిజంగా అలాగే అనుకుంటాను.

అలాంటి ఒక గుంతలోకి దిగితే ఏం కనపడుతుందో చెబుతాను. క్రూసెస్ అనే నేల రకం తీసుకుందాం.

పైన మూడు నాలుగు వేళ్ల మందం లేత గోధుమ రంగు ఇసుక మట్టి. చేతిలోకి తీసుకుంటే గింజ గింజగా జారిపోతుంది. వాన పడి ఆరిన చోట పైన పలచటి పెచ్చు కడుతుంది. ఆ పెచ్చును జాగ్రత్తగా లేపి తిప్పి చూస్తే అడుగున గుండుసూది తలంత బుడగలు కనపడతాయి. ఇసుకా సన్నమట్టీ తడిసినప్పుడు లోపల చిక్కిన గాలి చేసిన గుంటలవి. ఈ పెచ్చు నీళ్లను లోపలికి పోనివ్వకుండా అడ్డుపడుతుంది. గడ్డి దుబ్బు మొదట్లో మాత్రం పెచ్చు ఇంత గట్టిగా ఉండదు, అక్కడ నీరు ఇంకుతుంది.

ఇంకొంచెం కిందికి వస్తే రంగు మారుతుంది, ఎరుపెక్కుతుంది. నీళ్లు చల్లి ఉండ చేస్తే నిలుస్తుంది, వేళ్ల మధ్య నొక్కితే చిన్న రిబ్బను లాగా సాగుతుంది. అంటే బంకమట్టి ఎక్కువైందన్నమాట. భూతద్దం పెట్టి చూస్తే ఇసుక గింజల మీద ఎర్రటి పూత, గింజకూ గింజకూ మధ్య వంతెనలు కనిపిస్తాయి. పై నుంచి నీటితో పాటు దిగిన బంకమట్టి ఇక్కడ ఆగి పేరుకుంది. ఇలాంటి పొరను ఆర్గిలిక్ పొర అంటారు. 245 మిల్లీమీటర్ల వానతో ఇంత మట్టి ఎలా దిగిందని మీకు అనుమానం రావాలి. ఇప్పటి వానతో చాలావరకు దిగలేదు. మంచుయుగపు రోజుల్లో అక్కడ ఇప్పటికన్నా చల్లగా, తడిగా ఉండేది. ఆ కాలపు నీళ్లు చేసిన పని అది. అందుకే ఎడారిలో ఎర్రటి బంకపొర కనపడిందంటే ఆ నేల పాతదని చాలావరకు ధైర్యంగా చెప్పవచ్చు.

ఆ ఎర్ర పొర కింద తెల్లటి చారలు మొదలవుతాయి. తర్వాత తెల్లటి గడ్డలు. ఇంకో జానెడు దిగితే గడ్డపార ఖంగుమంటుంది. అది రాయి అనుకుంటారు కానీ రాయి కాదు, సున్నంతో గట్టిపడిన మట్టే. చిన్న సీసాలో పలచటి హైడ్రోక్లోరిక్ ఆసిడ్ తీసుకుని మీద ఒక చుక్క వేస్తే బుసబుసా పొంగుతుంది. పైన ఉన్న ఇసుక మీద వేస్తే పెద్దగా పొంగదు, కొన్నిచోట్ల అసలే పొంగదు. ఈ గట్టి పొర ముక్కను నీళ్లలో రాత్రంతా నానబెట్టినా విడిపోదు. దీన్ని పెట్రోకాల్సిక్ పొర అంటారు.

ఈ సున్నం ఎక్కడి నుంచి వచ్చింది? కింద సున్నపురాయి ఉందేమో, అందులోంచి వచ్చిందేమో అని మొదట ఎవరికైనా అనిపిస్తుంది. కానీ అక్కడ చాలాచోట్ల మట్టి వచ్చింది రయోలైట్, మోంజోనైట్ లాంటి కొండరాళ్ల నుంచి. వాటిలో కాల్షియం తక్కువ. అయినా ఆ మట్టిలోనూ తెల్ల పొర ఉంది. డెజర్ట్ ప్రాజెక్ట్ వాళ్లు గాలిలో దుమ్మును పట్టే తొట్లు పెట్టి చూస్తే, ఆ దుమ్ములో సున్నం ఉంది. వాననీటిలోనూ కాల్షియం ఉంది. అంటే పై నుంచి రాలిందే ఇది. తర్వాతి కాలంలో స్ట్రాన్షియం ఐసోటోపులతో, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న అణువుల లెక్కతో చేసిన పరీక్షలూ కాల్షియంలో చాలా భాగం ఆకాశం నుంచి దిగిందేనని తేల్చాయి. వాన కొద్దిగా పడుతుంది, దుమ్ములోని సున్నాన్ని కరిగించుకుని ఒక జానో మూరో కిందికి దిగుతుంది, అక్కడితో దాని ఓపిక అయిపోతుంది. వేర్లు నీళ్లు తాగేస్తాయి, సున్నం మిగిలిపోతుంది. రోజూ నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర ఎలా కడుతుందో అలాగే. కాకపోతే ఇక్కడ పట్టే కాలం వేల ఏళ్లు.

ఆ పొర ఎంత ముదిరిందో చూసి గైల్, పీటర్సన్, గ్రాస్‌మన్ 1966లో నాలుగు దశలు చెప్పారు. నాకు ఈ పని అంటే చాలా గౌరవం, ఎందుకంటే ల్యాబు అక్కర్లేకుండా, కంటితో చూసి నేల వయసు అంచనా వేసే దారి చూపించారు. గులకరాళ్లున్న నేలలో మొదటి దశలో రాళ్ల మీద అక్కడక్కడా పలచటి తెల్ల పూత ఉంటుంది. రెండో దశకు రాయి చుట్టూ పూత కమ్ముకుంటుంది. మూడో దశలో రాళ్ల మధ్య ఖాళీలన్నీ సున్నంతో పూడిపోతాయి. ఇక నీటికి దిగే దారి ఉండదు. అప్పుడు నీరు ఆ పూడిపోయిన పొర మీద నిలబడి ఆరుతుంది, పైన నున్నటి రేకుల్లాంటి సున్నపు పొర కడుతుంది. అది నాలుగో దశ. గులకరాళ్లు లేని ఇసుక మట్టిలో పూడ్చాల్సిన ఖాళీ ఎక్కువ కాబట్టి ఇదంతా ఇంకా నెమ్మదిగా సాగుతుంది. అక్కడ పూతల బదులు ముందు దారాల్లాంటి చారలు, తర్వాత గడ్డలు వస్తాయి. గత కొన్ని వేల ఏళ్లలో పరుచుకున్న ఆర్గన్ ఒండ్రులో మొదటి దశే కనపడుతుంది. పాతకాలపు రియోగ్రాండ్ నది వదిలిపెట్టి పోయిన లా మెసా మైదానం మీద నాలుగో దశ కనపడుతుంది. ఆ మైదానం వయసు ఏడెనిమిది లక్షల ఏళ్లు.

ఈ గట్టి సున్నపు పొరకు గైల్ బృందం 1965లో ‘కె’ పొర అని విడిగా పేరు పెట్టాలని ప్రతిపాదించింది. అధికారిక పద్ధతిలో అది నిలవలేదు, పై మట్టి కింద ఉండే మామూలు లోపలి పొరల్లో, అంటే ‘బి’ పొరల్లోనే కలిపేశారు. నాకు మాత్రం గైల్ చెప్పిందే సబబు అనిపిస్తుంది. మట్టి అనే మాటే మర్చిపోయేంతగా సున్నం నిండిపోయిన పొరను పక్కనున్న మామూలు పొరతో కలిపి చెప్పడం నాకు రుచించదు.

ఇప్పుడు వర్గీకరణ. పిల్లలూ, మీకు పరీక్షలో వచ్చేది ఇదే కాబట్టి కాస్త వినండి. పెద్దలు ఓర్చుకోండి, వెంటనే మీ దగ్గరికి వస్తాను.

సాయిల్ టాక్సానమీ అనే పద్ధతిలో ప్రపంచ నేలలన్నింటికీ 12 శ్రేణులున్నాయి. ఎడారి నేలల శ్రేణి పేరు అరిడిసోల్స్. ఇందులో చేరాలంటే ముందు నేల పొడిగా ఉండాలి. పొడి అంటే ఎంత పొడి? దానికి కొలత ఉంది. పొడి నేల మీద రెండున్నర సెంటీమీటర్ల నీళ్లు పోస్తే తడి ఎంత లోతుకు దిగుతుందో అది పై గీత. ఏడున్నర సెంటీమీటర్లు పోస్తే ఎంత లోతుకు దిగుతుందో అది కింది గీత. ఈ రెండు గీతల మధ్య పట్టీయే మనం చూడాల్సింది. 50 సెంటీమీటర్ల లోతులో నేల 5 డిగ్రీల కన్నా వెచ్చగా ఉండే రోజుల్లో సగానికి మించి ఈ పట్టీ అంతా పొడిగా ఉండాలి. 8 డిగ్రీల కన్నా వెచ్చగా ఉండే కాలంలో వరసగా 90 రోజులు తడి నిలవకూడదు. ఇసుక నేలలో ఈ పట్టీ లోతుగా ఉంటుంది, బంకనేలలో పైపైనే ఉంటుంది. ఈ ఏర్పాటు నాకు నచ్చుతుంది. ఎందుకంటే ఇది ఆకాశంలో వానను కాదు, వేరు దగ్గరికి చేరే తడిని చూస్తుంది.

పొడిగా ఉంటే సరిపోదు, నేలలో ఏదో ఒక గుర్తించదగిన పొర కూడా ఉండాలి. ఉత్త ఇసుక ఎంత పొడిగా ఉన్నా అరిడిసోల్ కాదు, అది ఎంటిసోల్స్ అనే వేరే శ్రేణిలోకి పోతుంది. 1975 నాటి మొదటి కూర్పులో అరిడిసోల్స్‌ను రెండుగా చీల్చారు. ఎర్ర బంకపొర ఉంటే ఆర్గిడ్స్, లేకపోతే ఆర్తిడ్స్. ఉప్పు నేల, జిప్సం నేల, సున్నపు నేల అన్నీ ఒకే మూటలో పడ్డాయి. మేత భూమి చూసేవాడికి దానితో ఏం ప్రయోజనం? 1999లో వచ్చిన రెండో కూర్పులో ఏడు ఉపశ్రేణులున్నాయి. చలి ఎడారివి, ఉప్పువి, సిలికాతో గట్టిపడినవి, జిప్సంవి, బంకపొరవి, సున్నంవి, ఇవేవీ లేక కొద్దిగా మాత్రమే మారినవి. హోర్నాడాలో ఎక్కువగా కనపడేవి బంకపొర ఉన్న ఆర్గిడ్స్, సున్నపు పొర ఉన్న కాల్సిడ్స్. సున్నపు పొర కాల్సిక్ అనిపించుకోవాలంటే కనీసం 15 సెంటీమీటర్ల మందం, 15 శాతం సున్నం ఉండాలి. అది గట్టిపడి పలుగుకు లొంగకపోతే పెట్రోకాల్సిక్. సిమోనా అనే నేల పేరు టిపిక్ పెట్రోకాల్సిడ్స్. మనం గుంతలో చూసిన క్రూసెస్ నేలలో గట్టి సున్నపు పొర మీద ఎర్ర బంకపొర కూడా ఉంది కాబట్టి దాని పేరు ఆర్జిక్ పెట్రోకాల్సిడ్స్.

ఈ పేర్లు గడ్డికి ఏం చెబుతాయి? 1951 నుంచి 1956 దాకా అక్కడ భయంకరమైన కరవు వచ్చింది. ఆ కరవులో లోతైన ఇసుక నేలల మీద బ్లాక్ గ్రామా దాదాపు తుడిచిపెట్టుకు పోయింది. గట్టి సున్నపు పొర పైపైనే ఉన్న తక్కువ లోతు నేలల మీద మాత్రం కొంత బతికింది. మనం మామూలుగా దీనికి తలకిందులుగా అనుకుంటాం కదా, లోతు నేల మంచిదని, రాతి పొర తగిలితే చెడ్డదని. ఇక్కడ ఆ పొరే కాపాడింది. కారణం చూడండి. గడ్డి వేర్లు పైపైన ఉంటాయి. చిన్న వాన పడితే లోతు ఇసుకలో నీరు చెదిరిపోయి దిగిపోతుంది. గట్టి పొర ఉంటే ఆ నీరు గడ్డి వేరుకు అందే లోతులో ఆగుతుంది. పైగా ఆ సున్నపు పొరే స్పాంజిలా తడిని పీల్చుకుని నిదానంగా వదులుతుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. లోతుకు జారిన నీరు ఎవరికి లాభం? లోతుకు వేరు దించే మెస్కిట్‌కి.

ఇంతవరకు వర్గీకరణ మనకు బాగా సాయపడింది. ఇప్పుడు అది చేతులెత్తేసే చోటు చెబుతాను. ఇవాళ ఇంత దూరం వచ్చింది ముఖ్యంగా ఈ మాట చెప్పడానికే.

గడ్డి పోయాక పైనున్న ఇసుకను గాలి లేపింది. లేచిన ఇసుక ఎక్కడో ఒకచోట ఆగాలి కదా, మెస్కిట్ పొదల మొదట్లో ఆగింది. పొద చుట్టూ దిబ్బ పెరిగింది, దిబ్బతో పాటు పొదా పైకి పెరిగింది. పొదకూ పొదకూ మధ్య నేల గీసుకుపోయింది. 1930లలో అక్కడ కొంత భూమికి కంచె వేసి, మేకులు పాతి కొలుస్తూ వచ్చారు. 1980 వచ్చేసరికి కొన్ని మేకుల దగ్గర నేల అరమీటరుకు పైగా కోసుకుపోయింది, మరికొన్ని చోట్ల అంతకు మించి ఇసుక పేరుకుంది. పశువును లోపలికి రానివ్వని కంచెలో కూడా ఇలా జరిగింది.

ఇప్పుడు ఆ భూమికి పేరు పెట్టండి. టాక్సానమీ ప్రకారం పాత నేల మీద 50 సెంటీమీటర్లకు మించి కొత్త మట్టి పడితే కింది నేల పూడిపోయిన నేల అవుతుంది, పేరు పై మట్టికే వస్తుంది. కాబట్టి దిబ్బ పింటూరా అనే ఇసుక నేల, టిపిక్ టోరిసామెంట్స్, ఎంటిసోల్స్ శ్రేణి. నాలుగు అడుగులు వేస్తే దిబ్బల మధ్య ఖాళీ. అక్కడ ఎర్ర పొర నడినెత్తిన ఎండకు బయటపడి ఉంటుంది, అది అరిడిసోల్. నూటయాభై ఏళ్ల కింద ఒకే నేలగా ఉన్నది ఇవాళ రెండు వేర్వేరు శ్రేణుల నేలగా చీలిపోయింది. దిబ్బను తవ్వుకుంటూ పోతే అడుగున పాత గడ్డినేల అలాగే ఉంటుంది.

ఇంకో సంగతి. దిబ్బ అంత ఎత్తు పెరగని చోట, పైన పది సెంటీమీటర్లు మాత్రమే కొట్టుకుపోయిన చోట, పేరు అసలు మారదు. వర్గీకరణ చూసేది లోపలి పొరల్ని. గడ్డి విత్తనం మొలిచేది ఆ పై పది సెంటీమీటర్లలో. సేంద్రియ పదార్థం ఉన్న కాస్తా అక్కడే ఉంటుంది, నత్రజని అక్కడే ఉంటుంది. అది పోయాక కాగితం మీద ఆర్గిడ్ ఆర్గిడ్‌గానే ఉంటుంది, మేత మాత్రం ఉండదు. 1990లో హోర్నాడా ఆధారంగా ష్లెసింజర్, ఆయన సహచరులు రాసిన వ్యాసం చెప్పింది ఇదే. గడ్డి ఉన్నప్పుడు నీరు, పోషకాలు భూమంతా సమంగా పరుచుకుని ఉంటాయి. పొదలు వచ్చాక అవన్నీ పొద కిందికి చేరిపోతాయి, మధ్య భూమి బోడి అవుతుంది. బోడి అయిన కొద్దీ గాలి, నీరు ఇంకా ఎక్కువగా కోస్తాయి, పొద ఇంకా బలపడుతుంది.

అందుకే అక్కడి మేతభూమి వాళ్లు ఇప్పుడు నేల పేరుతో ఆగడం లేదు. ఒక్కో నేల, వాన, నేల వాలు కలిపి ఒక ‘ఇకలాజికల్ సైట్’ అని గుర్తిస్తారు. ఆ సైట్ ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, గడ్డి స్థితిలోనా, గడ్డీ పొదా కలిసిన స్థితిలోనా, దిబ్బల స్థితిలోనా అని రాస్తారు. ఒక స్థితి నుంచి ఇంకోదానికి ఏ కారణంగా జారుతుంది, వెనక్కి తేవచ్చా లేదా అన్నది కూడా రాస్తారు. సర్వే రిపోర్టులో నేల పేరు రాసి చేతులు దులుపుకునే అలవాటు మనకూ ఉంది. దాని పక్కనే పై పొర ఎంత మిగిలిందో కొలిచి రాయాలని నేను గట్టిగా కోరుతున్నాను. స్కేలు చాలు, పెద్ద పరికరాలు అక్కర్లేదు.

ప్రశ్నలు అడగండి.

ఈ పిల్లవాడు అడిగింది, మన జిల్లాలో అరిడిసోల్స్ ఉన్నాయా అని. మన ఎర్ర చెలకల్లో ఎక్కువ భాగం ఆల్ఫిసోల్స్, నల్లరేగడి వర్టిసోల్స్, రెండూ వేరే శ్రేణులే. మనకు వాన అక్కడికన్నా రెట్టింపు. కానీ మన రేగడి కింద తగిలే సుద్ద గడ్డలు కూడా కాల్షియం కార్బొనేటే. ఆసిడ్ చుక్క వేస్తే అవీ పొంగుతాయి. కాబట్టి లోతు కొలిచే పని మనకూ వర్తిస్తుంది, పేర్లు మాత్రం ఇక్కడివి వాడాలి.

వెనక నుంచి పెద్దాయన అడిగింది ఇంకా పెద్ద ప్రశ్న. సర్కారు తుమ్మ కొట్టేస్తే గడ్డి వస్తుందా అని. అయ్యా, హోర్నాడా అనుభవం చెబుతాను, మీ బీడుకు మీరే సరిచూసుకోవాలి. పొదల మధ్య గడ్డి దుబ్బులు ఇంకా మిగిలి, పై మట్టి నిలిచి ఉన్న చోట పొద తీసి, కొన్నాళ్లు మందను ఆపితే గడ్డి తిరిగొచ్చే అవకాశం ఉంది. డబ్బు పెట్టాల్సింది అక్కడ. దిబ్బలు లేచిపోయి మధ్యలో ఎర్ర పొర బయటపడిన చోట పొద ఒక్కటీ తీస్తే లాభం లేదు, ఆ పొద పట్టి ఉంచిన ఇసుక కూడా లేచిపోవచ్చు. అలాంటి చోట ముందు గాలినీ నీటి పారుదలనూ నెమ్మది చేయాలి. హోర్నాడాలో ఇప్పుడు బోడి నేల మీద చిన్న చిన్న జాలీలు నిలబెట్టి చూస్తున్నారు. గాలికి కొట్టుకొచ్చే చెత్త, విత్తనం, ఇసుక వాటి దగ్గర ఆగుతాయి, అక్కడ మొలకలు లేస్తాయి. మన దగ్గర జాలీలు కొనక్కర్లేదు, కొట్టిన తుమ్మ కంపనే గాలికి అడ్డంగా పరచవచ్చు. కాయలు మాత్రం ముందే ఏరి తీసేయండి, లేకపోతే గొర్రెలు తిని పెంటికలతో పాటు ఆ విత్తనాన్నే మళ్లీ బీడంతా చల్లుతాయి.